‘ప్రకటన’ అంటే ప్రళయమా?

సందేహం: గుంటూరు బ్రాడీపేటలో పాస్టరుగా ఉన్నాను. బైబిలు చివరి పుస్తకానికి ‘ప్రకటన’ అనే పేరు ఎందుకు? వినగానే యువకులకు పేపర్లోని వ్యాపార ప్రకటనలు, పెద్దలకు ప్రళయం గుర్తొస్తున్నాయి. అందులోని ‘సంఘపు దూత’ దేవదూతేనా?

సమాధానం: ప్రకటం అంటే స్పష్టం, కంటికి కనబడేది. ప్రకటన అంటే కనబడేలా చేయడం. చాటింపు, వ్యాపార ప్రకటన అనే అర్థాలు తర్వాత బలపడ్డాయి. గ్రీకు మూలంలో ఉన్న ‘అపొకాలుప్సిస్’కు కప్పు తొలగించడమని అర్థం. కూడలిలో విగ్రహం మీద గుడ్డ లాగేసి ‘ఆవిష్కరించారు’ అంటామే, అదే పని. విగ్రహం అంతకుముందే అక్కడ ఉంది, గుడ్డ తీశాక కనబడింది. ప్రళయానికీ ఈ మాటకూ సంబంధం లేదు. లయం కావడం ప్రళయం, ఇది తేటపడటం. మీ చేతిలోని తెలుగు బైబిల్లోనే శీర్షిక ‘ప్రకటన’, మొదటి వచనంలో ‘ప్రత్యక్షత’. రెండూ ఆ ఒక్క గ్రీకు మాటకే వచ్చాయి. ప్రత్యక్షమంటే కంటి ఎదుట ఉన్నది. కతోలికుల అనువాదంలోని ‘దర్శన గ్రంథం’ కూడా మంచి పేరే. దర్శనం చూసినవాడి వైపు మాట, ప్రకటన చూపినవాడి వైపు మాట.

దూత సంగతి ఇంకా లోతైనది. గ్రీకులో ‘అంగెలొస్’ అన్నా సంస్కృతంలో ‘దూత’ అన్నా వార్త మోసేవాడు. రాయబారం పద్యాలు నోటికి వచ్చిన మన జిల్లాల్లో దూతకు రెక్కలు ఉండాలని ఎవరూ అనుకోరు. ఈ పుస్తకంలో క్రీస్తు ఆసియాలోని (నేటి టర్కీలో ఉన్న రోమా రాష్ట్రం) ఏడు సంఘాల దూతలకు లేఖలు రాయిస్తాడు. అందుకే ఆ ‘దూతలు’ ఆయా సంఘాల కాపరులేనని (పాస్టర్లేనని) కొందరు వ్యాఖ్యాతలు, కాదు దేవదూతలేనని మరికొందరు అంటారు. భాష రెండింటికీ చోటిస్తుంది. కానీ కాపరులనే అర్థంలో ఒకసారి చదివి చూడండి. ‘నీ క్రియలను నేనెరుగుదును’ అన్నచోట గ్రీకులోనూ ఏకవచనమే. ‘మీలో కొందరిని’ వంటి బహువచనాలు అక్కడక్కడా ఉన్నా, ఆ లేఖల్లో ఎక్కువగా వినబడేది ‘నీవు’. ప్రసంగంలో మర్యాద కోసం దాన్ని ‘మీరు’గా మార్చడం విన్నాను. దయచేసి మార్చకండి. మారిస్తే ఆ మాట సభ మీదికి జారిపోతుంది, చదివే కాపరికి తగలదు. ‘మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి’ అన్నది ఎఫెసు దూతతో. లవొదికయ దూతను ‘నులివెచ్చన’ అన్నారు. ‘నులి’ అంటే కొంచెం. పొయ్యి మీద నుంచి దించి మరిచిపోయిన నీళ్ల వేడి అది. ఈ పుస్తకంలో తర్వాత వచ్చే మృగాల లెక్కలకంటే ముందు, ఈ లేఖలున్న 2, 3 అధ్యాయాలను ‘నీవు’ చెడకుండా, గొంతెత్తి, ఒంటరిగా చదువుకోమని నా మనవి.

కరపత్రాల్లో కనిపించే ‘ప్రకటనల గ్రంథం’ సరికాదు. పేరు ఏకవచనం. ‘ప్రకటన గ్రంథం’ అనే రాయండి.