మన సిరోంచ దాకా రావాల్సిన లాకులు

ప్రశ్న: మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. మొన్న రాజమండ్రి పోయినం, అక్కడ్నించి ధవళేశ్వరం బ్యారేజీ చూసినం. కాలువ మొదట్ల పెద్ద పెద్ద తలుపులు కనవడ్డయి, అవి లాకులు, పడవలు ఎక్కి దిగేటివని మా చిన్నమామ అన్నడు. లాకు అంటే తాళం కదా, నీళ్లల్ల పడవ ఎట్ల ఎక్కుతది? అసొంటిది మా దిక్కు గోదావరి మీద ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ చిన్నమామ చెప్పింది నిజమే తమ్ముడూ. ఆనకట్ట కడితే నదిలో నీళ్లు ఎత్తున ఆగుతాయి, కాలువ నీళ్లేమో కిందుంటాయి, మరి కాలువలోంచి పడవ నదిలోకి రావాలంటే మధ్యలో రాతి గోడల తొట్టి లాంటిది కట్టి రెండు వైపులా తలుపులు పెడతారు, పడవ అందులోకి రాగానే వెనక తలుపులు మూసి నది వైపు చిన్న షట్టర్లు ఎత్తుతారు, నీళ్లు నిండేకొద్దీ పడవ దానంతటదే పైకి తేలుతుంది, రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. మోటారు, పంపు ఏమీ అక్కర్లేదు! తలుపులు కూడా తిన్నగా కలవవు, నది వైపుకి కోసుగా కలుస్తాయి, అందుకే నీళ్లు నెట్టేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. మీరు తాళం అన్నారు కదా, ఆ తాళం వేసేది నీళ్లే.

ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు, కాలువలు పొలాలకే కాదు పడవలకి కూడా అని ఆయన పట్టుదల.

ఇక మీ రెండో ప్రశ్న, ఇది చదివి నాకు మనసు ఆగలేదు. మీ దిక్కు కూడా లాకులు రావాల్సిందే. నాగపూర్, వార్ధా వైపు పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా సముద్రం దాకా పడవల్లో దించాలని 1850ల తర్వాత పెద్ద స్కీమ్ మొదలెట్టారు, కల్నల్ హేగ్ అనే ఇంజినీరు చూసుకున్నాడు. దారిలో బండల మీద నీళ్లు ఉరికే చోట్లు మూడు అడ్డమొచ్చాయి. భద్రాచలం పైన దుమ్ముగూడెం ఒకటి, ఇంద్రావతి కలిసే దగ్గర ఇచ్ఛంపల్లి రెండోది, అహేరి దగ్గర ప్రాణహిత మీద దేవలమర్రి మూడోది. అంటే రెండోది మీ ఊరికి దిగువన, మూడోది ఎగువన, మీ సిరోంచ సరిగ్గా నడుమ! అప్పట్లో ఎగువ గోదావరి జిల్లాకి సిరోంచే హెడ్‌క్వార్టర్. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకు కట్టారు కానీ ఖర్చు పెరుగుతూ పోయింది, నదిలో పడవ నడిచేది ఏడాదిలో కొన్ని నెలలే, ఈలోగా 1867లో నాగపూర్‌కి రైలు వచ్చేసింది, 1871లో పని ఆపేశారు. పైన మిగతా రెండు చోట్లా పని పూర్తి కానే లేదు.

ఈసారి భద్రాచలం వెళ్తే దుమ్ముగూడెం ఆనకట్ట కూడా చూసి రండి, నీళ్లు తగ్గే ఎండాకాలంలో వెళ్లండి, వానాకాలంలో మాత్రం ఆ బండల మీదకి దిగొద్దు. మీ చిన్నమామని కూడా తీసుకెళ్లండి.