బ్లాస్టింగ్ మెషిన్ కొంటే స్పేర్లు, ట్రైనింగ్ అమ్మినవాళ్లే చూసుకుంటారా?

అడిగినాయన గాజువాక వైపు బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి ఇనుము మీద తుప్పు వదలగొట్టడం), పెయింటింగ్ కాంట్రాక్టులు మొదలుపెడుతున్నారట. మెషిన్ అమ్మేవాళ్లు ఏడాదిపాటు స్పేర్లు, ఉచితంగా ట్రైనింగ్ ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా అని ప్రశ్న. విశాఖ చుట్టుపక్కల యార్డుల్లో ఈ మెషిన్లకి సర్వీసు చేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి గట్టిగానే చెప్తాను. స్పేర్లు ఇస్తారు, డబ్బులొచ్చేది అక్కడే కదా. ట్రైనింగ్ కూడా ఇస్తారు, కానీ ఇవ్వాల్సినవాడికి ఇవ్వరు.

ఒక ఓనర్‌గారు ఫోన్ చేశారు. "ఏటి బాబూ, ఈ కంప్రెషర్‌లో దమ్ము లేదు. ప్లేట్లకి ఎస్‌ఏ రెండున్నర రావట్లేదని ఇన్‌స్పెక్టరు తిప్పికొడుతున్నాడు. పెద్ద కంప్రెషర్‌కి అడ్వాన్స్ ఇచ్చేద్దామా?" ఎస్‌ఏ రెండున్నర అంటే పెయింటుకి ముందు ఇనుము ఎంత శుభ్రంగా ఉండాలో చెప్పే గ్రేడు. ఆగండి సార్, వస్తున్నానన్నాను.

వెళ్తే కంప్రెషర్ దగ్గర గేజ్ శుభ్రంగా 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) చూపిస్తోంది. నా దగ్గర సూది గేజ్ ఉంటుంది. గార్నెట్ (ప్లేటు మీద కొట్టే రవ్వ) పారుతుండగానే, హోస్ చివర ఉండే నాజిల్ వెనకాల హోస్‌లోకి గుచ్చితే అసలు ప్రెషర్ తెలుస్తుంది. గుచ్చాను. ముల్లు 60 దగ్గర ఆగిపోయింది. ఒక పీఎస్ఐ తగ్గితే పని ఒకటిన్నర శాతం పడిపోతుందని మా ట్రేడ్‌లో లెక్క. అంటే సగానికి పైగా డీజిల్ గాల్లో పోతోంది.

నాజిల్ విప్పించాను. అది 3/8 అంగుళం నాజిల్, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల బెజ్జం. వాళ్ల టూల్ బాక్సులోంచే 12 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ తీసి పెడితే ఎక్కడా తగలకుండా అటునుంచి ఇటు జారిపోయింది. ఓనర్‌గారు దాన్ని నా చేతిలోంచి లాక్కుని తనే నాలుగైదుసార్లు పెట్టి తీశారు. కొత్త 3/8 నాజిల్ 100 పీఎస్ఐ దగ్గర సుమారు 200 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు) గాలి తాగుతుంది. అదే అరిగి అరంగుళానికి వచ్చిందంటే దగ్గర దగ్గర 350 కావాలి. ఆయన కంప్రెషర్ 300ది. ఇక దమ్మెక్కడుంటుంది? బెజ్జం ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగితే మార్చేయాలి, అంతే. కొన్ని వేల రూపాయల నాజిల్‌కి బదులు లక్షలు పోసి కంప్రెషర్ కొనబోయారు.

నాజిల్ పట్టిన కుర్రాడు గంజాం వాడు, తెలుగు బాగానే వచ్చు. నాజిల్ ఎప్పుడు మార్చాలో ఎవరైనా చెప్పారా అనడిగితే, "పగిలితే మార్చమన్నారు సార్" అన్నాడు. ఆఫీసు గోడ మీద మాత్రం ట్రైనింగ్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. పేరు సూపర్‌వైజర్‌ది. ఆయన అప్పటికే ఉద్యోగం మారి దుబాయ్ వెళ్లిపోయాడు! ఏసీ గదిలో ఇంగ్లీషులో స్లైడ్లు చూపించి, బిర్యానీ పెట్టి పంపేదాన్ని ట్రైనింగ్ అంటున్నారు ఈ కాలంలో.

ఆ కుర్రాడే డెడ్‌మ్యాన్ హ్యాండిల్‌ని బైండింగ్ వైరుతో కట్టేశాడు. చెయ్యి వదిలితే గాలి ఆగిపోవాలని పెట్టిన హ్యాండిల్ అది. కట్టేస్తే, హోస్ చేతిలోంచి జారిన రోజున కాలో కన్నో పోతుంది. తిట్టి లాభం లేదు, స్ప్రింగ్ బిగుసుకుపోయి పిండలేక చెయ్యి పట్టేస్తోందట. ఆ స్ప్రింగ్ మారిస్తే వైరుతో పనే లేదు. స్పేర్లు, ట్రైనింగ్ వేర్వేరు అనుకునేవాళ్లకి ఈ హ్యాండిల్ చూపిస్తుంటాను. హోసుల్ని కలిపే కప్లింగ్‌లో రబ్బరు గ్యాస్కెట్ సంగతీ ఇంతే. అది కాస్త లీకైతే గార్నెట్ కప్లింగ్‌నే కోసేస్తుంది.

ఇంకో మాట, ప్రశ్నలో లేకపోయినా. గార్నెట్ ఖరీదని ఏటి ఇసుక వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అదీ మొహానికి తువ్వాలు చుట్టుకుని. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చేదే సిలికోసిస్, చట్టప్రకారం అధికారులకి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. ఆ ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. హెల్మెట్‌కి వెళ్లే గాలికి వేరే ఫిల్టరు ఉంటుంది, దాని కార్ట్రిడ్జ్ ఎన్నాళ్లకి మార్చాలో అమ్మేవాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి.

సరే, మీ సంగతి. ట్రైనింగ్ మీ యార్డులోనే, మీ మెషిన్ మీదే, హోస్ పట్టేవాళ్లకే ఇవ్వాలని ఆర్డరులో రాయించండి. వాళ్లు పండక్కి ఊరెళ్లి తిరిగి రారు, కాబట్టి ఆరు నెలలకి ఇంకోసారి అని కూడా. స్పేర్ నాజిల్, గ్యాస్కెట్లు, డెడ్‌మ్యాన్ కిట్ మెషిన్‌తోపాటే తీసుకోండి. నాజిల్ థ్రెడ్ 50 మిల్లీమీటర్ల ముతక మరా, అంగుళంపావు సన్న మరా అని అడగండి, ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. "ఏదైనా పడుతుంది సార్" అన్నాడంటే ఇంకో కొటేషన్ తెప్పించుకోండి.