పేజీలో ఎక్కడుందో గుర్తుంది, ఎందుకో గుర్తులేదు

ప్రశ్న: మాది ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ దాకా ఇక్కడే ఒడియా మీడియంలో చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. ఇప్పుడు బరంపురంలో హాస్టల్లో ఉండి ప్లస్ త్రీ (డిగ్రీ) ఫిజిక్స్ ఆనర్స్ రెండో ఏడు చదువుతోంది. రోజూ రాత్రి ఒంటిగంట దాకా పుస్తకం వదలదు. అయినా రెండు పేపర్లు తప్పి, మళ్ళీ రాయాల్సిన బ్యాక్ పేపర్లు పడ్డాయి. ఆర్ట్స్‌కి మార్పించమంటారా, ట్యూషన్ పెట్టించమంటారా?

జవాబు: అయ్యా, ఇప్పటికి రెండూ వద్దు.

మీరు వాట్సాప్‌లో పంపిన నోటుబుక్కు ఫోటోలు చూశాను. పేజీలో సగానికి పైగా పసుపు రంగే. అంతా ముఖ్యమే అయితే ఇంక గీతలెందుకు? తర్వాత మీ అమ్మాయితో ఫోన్లో మాట్లాడాను. "పుస్తకం మూసేసి కార్నో ఇంజన్ గురించి చెప్పమ్మా" అన్నాను. వేడిని పనిగా మార్చే ఊహా యంత్రమది. అందులో నాలుగు దశలు, రెండు ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారనివి), రెండు అడియబాటిక్ (వేడి రాకపోకలు లేనివి) అని గడగడా చెప్పింది. "లోపల ఏ వాయువు ఉన్నా దాని ఎఫిషియెన్సీ మారదంటారు కదా, ఎందుకని?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "ఎడమ పేజీలో కింద ఉంది సర్, గీత కూడా పెట్టాను" అంది.

చూశారా? ఎక్కడుందో తెలుసు, ఎందుకో తెలీదు. చదివిందే నాలుగుసార్లు చదివితే అక్షరాలు కంటికి అలవాటైపోతాయి. ఆ అలవాటునే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు కదా, అక్కడ దొరికిపోతాం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకొందరి చేత ఒకసారి చదివించి, రెండోసారి చూడకుండా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం పోయాక వాళ్ళకి 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంది. పడుకునే ముందు మీ అమ్మాయికి అంతా వచ్చినట్టే ఉండి, పరీక్షలో చెయ్యి ఆడకపోవడం ఇందుకే. దీనికి తెలివితో పనిలేదు. క్రెడే, కుంకెల్ అనే పరిశోధకులు 2008లో ఎన్నో పరిశోధనలు కలిపి చూశారు. కాలేజీ మార్కుల్ని అంచనా వేయడానికి పాత మార్కులు ఎంత పనికొస్తాయో, చదివే అలవాట్లూ దాదాపు అంతే పనికొస్తాయని తేల్చారు.

కాబట్టి గంటలు పెంచొద్దు. ఏ రోజు క్లాసు ఆ సాయంత్రమే, ఓ తెల్లకాగితం మీద పుస్తకం చూడకుండా పది నిమిషాలు రాయమనండి. రాకపోతే రానట్టే ఖాళీ వదిలెయ్యాలి. తర్వాత పుస్తకం తెరిచి, ఆ ఖాళీలు మాత్రం ఎర్ర పెన్నుతో పూరించాలి. రెండు రోజులాగి అదే పాఠానికి మళ్ళీ కొత్త కాగితం, వారం పోయాక ఇంకోటి. డెరివేషన్లయితే ఎక్కడ ఆగిందో ఆ ఒక్క మెట్టే చూసి, పుస్తకం మళ్ళీ మూసెయ్యాలి. మొదటి పదిరోజులూ చాలా చిరాగ్గా ఉంటుంది, కాగితం సగం ఖాళీగానే ఉంటుంది. అప్పుడే చాలామంది మానేసి, సీనియర్ల నోట్సు జిరాక్సు తెచ్చుకుంటారు. పదకొండింటికి పడుకోవాలి. నిద్ర చంపుకుని చదివింది తెల్లారేసరికి నిలవదు.

మీ సరిహద్దు పిల్లలకి ఇంకో బరువుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకం. అర్థంకాని వాక్యాన్ని ఇంగ్లీషులోనే బట్టీపడితే అది బుర్రలో ఎక్కడా అతుక్కోదు. ముందు తెలుగులోనో ఒడియాలోనో పక్క మంచం అమ్మాయికి నోటితో చెప్పాలి, తర్వాతే ఇంగ్లీషులో రాయాలి. రాయడం మాత్రం ఇంగ్లీషులోనే సుమా, పేపరు దిద్దేవాళ్ళు చూసేది అదే. మీ ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాష ఎలా నేర్చుకున్నారు? ఆ భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, రోజూ మాట్లాడి. నోరు తిరగాలండీ!

ఇక మీరు. ఫోన్ చేసినప్పుడు "ఎన్ని గంటలు చదివావు?" అనడం మానండి. "ఇవాళ ఏం చెప్పారమ్మా?" అనండి. మీకు ఫిజిక్స్ రాకపోవడమే మంచిది, మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే తనకి అర్థమవ్వాలి. సెలవులకి వచ్చేటప్పుడు బస్సులో పుస్తకం తెరవక్కర్లేదు, ఘాట్ రోడ్డులో తల తిరుగుతుంది కూడా. కిటికీలోంచి చూస్తూ ఒక చాప్టర్ మొదటినుంచీ మనసులో నడిపిస్తే చాలు.

వచ్చే మిడ్ సెమ్ దాకా ఇలా చేయనివ్వండి. అప్పటికీ కాగితాలు ఖాళీగానే ఉంటే, లేదా తనే "నాకు ఫిజిక్స్ ఇష్టంలేదు నాన్నా" అంటే, అది వేరే మాట, అప్పుడు ఆర్ట్స్ సంగతి కూర్చుని మాట్లాడదాం. ఈలోగా బ్యాక్ పేపర్ల ఫారం నింపే తేదీ కాలేజీ నోటీసు బోర్డులో చూసుకోమనండి. ఫోన్లో ఈ మాట అడిగితే తెలీదంది.