పడవకు అదనపు తెడ్డు ఉంది, ఇంటికేదీ?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, తిరుపతిలో ఉంటాం. రేణిగుంట దగ్గర ఓ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఉద్యోగం, చేతికి 62,000 వస్తుంది. ఇంటి లోన్ కిస్తు 18,500, ఇంటి ఖర్చు 27,000, చీటీకి 10,000 పోతాయి. చీటీ 3 లక్షలది, 30 నెలలు, ఇప్పటికి 8 కట్టాను. భార్య, పాప, షుగర్ ఉన్న నాన్న నామీదే ఆధారం. నాన్నకు ఆరోగ్య పాలసీ లేదు. ఇంజినీరింగ్ స్నేహితుడు వచ్చే ఆగస్టులో కెనడాలోని క్వెటికో పార్కుకు 8 రోజుల కనూ (తెడ్లతో నడిపే చిన్న పడవ) యాత్రకు రమ్మంటున్నాడు. అన్నీ కలిపి 4 లక్షలవుతుంది. 90,000 ఎఫ్‌డీ తీసేసి, 2 లక్షలు పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు) తీసుకుని, మిగతా 1.10 లక్షలకు మా ఆవిడ నగలు కుదవ పెడదామనుకుంటున్నా. లోన్ ముందే అప్రూవ్ అయింది. సామాన్ల జాబితా కూడా పంపుతున్నా. సరేనా?

జవాబు: వద్దు. యాత్ర వద్దనడం లేదు, ఈ డబ్బుతో వద్దంటున్నాను. పెళ్లికి, కారుకు, గృహప్రవేశానికి ఇదే లెక్క రాసి పంపేవాళ్లు చాలామంది. మీది పడవకు, అంతే తేడా.

అసలు కూడి చూశారా? జీతంలో అన్నీ పోను మీకు మిగిలేది 6,500. ఈ లోన్‌కి నెల కిస్తు దాదాపు 6,835 పడుతుంది. అంటే మొదటి నెల నుంచే తక్కువ, నగల వడ్డీ ఇంకా కలపనే లేదు. అప్రూవ్ అయిందని సంబరంగా రాశారు. బ్యాంకు మీ జీతం చూసింది, మీ చీటీని చూడలేదు.

ఇక ఎఫ్‌డీ సంగతి. ఇల్లు, కిస్తు, చీటీ కలిపి మీకు నెలకు 55,500 కావాలి. ఆరు నెలలకు 3.33 లక్షలు పక్కన ఉండాలి. మీ దగ్గరున్న 90,000 రెండు నెలలకైనా చాలదు. అది యాత్ర డబ్బని మీరనుకుంటున్నారు. ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గినా, నాన్నను రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్చినా మీ ఇంట్లో ఉన్నది అదొక్కటే. అది చాలకపోతే ఆ నగలు. మన రాయలసీమ ఇళ్లలో కష్టకాలానికి దిక్కయ్యేది ఆడవాళ్ల బంగారమే. మీరు రెండూ ఒకేసారి ఖాళీ చేస్తానంటున్నారు.

మీ జాబితా చదివాను. ఒక్కో పడవకు ఒక తెడ్డు అదనంగా రాశారు. తెడ్డు చేజారితే సరస్సు మధ్యలో ఏం చేస్తామని ఆలోచించిన మనిషి, ఇంటి ఖర్చు దగ్గర ఆ ఆలోచన ఎందుకు చేయలేదు?

క్వెటికో లోపల రోడ్లు లేవు. ఒక సరస్సు అయిపోతే పడవను నెత్తినెత్తుకుని అడవిలో నడిచి ఇంకో సరస్సులో దించాలి. (అలిపిరి 3,550 మెట్లు ఖాళీ చేతులతో ఎక్కడం వేరు, ఇది వేరు.) లోపల ఎక్కువ చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. మూడో రోజు తిరుపతిలో నాన్నకు ఏదైనా అయితే మీకు తెలియదు, తెలిసినా బయటికి రావడానికి రోజులు పడుతుంది. ఖాతా మీ పేరున, ఓటీపీ మీ ఫోనుకు, ఫోనేమో అడవిలో. మీ ఆవిడ ఎవరి దగ్గర చేయి చాపాలి? యాత్ర ఎప్పుడు వెళ్లినా ఈ చిక్కు తీర్చుకునే వెళ్లాలి.

మీరు చేసిన మంచి పని ఒకటుంది, తొందరపడి చీటీ పాడలేదు. పాడకండి, చివరిదాకా ఉంచండి. మరో 22 నెలలకు ఆ 3 లక్షలు, నెలకు 6,500 చొప్పున మిగిలే 1.43 లక్షలు, ఈ 90,000 కలిపి 5.33 లక్షలు. చీటీ అయిపోయాక నెలకు కావలసింది 45,500కి తగ్గుతుంది. ఆరు నెలలకు 2.73 లక్షలు పక్కన పెట్టినా యాత్రకు 2.60 లక్షలుంటాయి. తక్కువైన 1.40 లక్షలు, అప్పటికి నెలకు 16,500 మిగులుతుంది కాబట్టి, ఇంకో తొమ్మిది నెలల్లో వచ్చేస్తాయి. రెండున్నరేళ్లు దాటుతుంది, నిజమే. 1913లో ప్రకటించిన పార్కు అప్పటిదాకా ఎక్కడికీ పోదు. పర్మిట్ బుకింగ్ కూడా ఐదు నెలల ముందే తెరుస్తారు కాబట్టి ఇప్పుడే అప్పు చేయాల్సినంత తొందరేమీ లేదు.

ఈ లెక్కలో నాన్న పాలసీ ప్రీమియం లేదు. అది ముందు తీసుకోండి, యాత్ర ఇంకొన్ని నెలలు జరిగినా సరే. వెళ్లే ముందు ట్రావెల్ పాలసీలో సాహస క్రీడల మినహాయింపు (వాటిలో దెబ్బ తగిలితే డబ్బివ్వమనే షరతు) చదవండి. సందర్శకుల ఆసుపత్రి బిల్లు కెనడా ప్రభుత్వం కట్టదు. క్రెడిట్ కార్డు, లోన్ యాప్‌ల ఊసు ఎత్తలేదు, సంతోషం.

ఈ సోమవారం ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి జాయింట్ సేవింగ్స్ ఖాతా తెరవండి. ఏటీఎం కార్డు ఒకటి ఆమె పేరున తీసుకోండి, ఆమె నంబరు ఇవ్వండి. అందులో 40,000 వేసి ఉంచండి. పనిలో పనిగా ఆ పర్సనల్ లోన్ వద్దని చెప్పి రండి.