షెంగ్: యాసా, మాండలికమా?

సందేహం: మా కళాశాల కమ్యూనిటీ రేడియోలో యువత కార్యక్రమం చేస్తున్నాం. కెన్యా రాజధాని నైరోబీలో కుర్రకారు మాట్లాడే షెంగ్ గురించి ఒక భాగం సిద్ధం చేస్తూ 'షెంగ్ నైరోబీ యువత యాస' అని రాశాను. యాస తప్పు, మాండలికం అనాలని మా సీనియర్ అంటున్నారు. రేడియో నిబంధనల్లోనూ మాండలికం అనే ఉందట. ఏది సరి? మా సంభాషణల్లో 'కిరాక్', 'తోపు', 'లైట్ తీస్కో' లాంటివి దొర్లుతుంటాయి. వాటిని తీసేయాలా?

సమాధానం: ఇక్కడ రెండూ కుదరవు. యాసలో ముఖ్యం పలికే తీరు: సాగదీత, విరుపు, రాగం. మాండలికం అంతకన్నా పెద్దది. అందులో మాటలు, ప్రత్యయాలు, వాక్యం నడిచే పద్ధతి అన్నీ వేరుగా ఉండొచ్చు. 'వస్తున్నాడు' అనేచోట 'వస్తుండు' అనడం మాండలిక భేదం. పైగా ఆ పేరులోనే మండలం, అంటే ప్రాంతం, ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. రైతులు వాడే మాటల్ని ఊరూరా సేకరించి చేసిన పని అది. తెలుగుకు నాలుగు మండలాలున్నాయన్న విభజనకు ఆ సేకరణే ఆధారం. ఏ మాట ఏ నేలదో చెప్పగలగడం మాండలిక పరిశోధనకు ప్రాణం.

షెంగ్‌కూ ఒక చోటు ఉంది. నైరోబీ తూర్పు పేటల్లో, ఈస్ట్‌లాండ్స్ అనే ప్రాంతంలో అది పెరిగింది. కానీ అది ఆ నేలకు తాతల నాటి నుంచి వచ్చిన పలుకు కాదు. కికూయు, లువో, లూహ్యా, కంబా తెగల ఇళ్ల పిల్లలు ఒకే వీధిలో ఆడుకుంటూ, అందరికీ వచ్చిన స్వాహిలీలో ఇంగ్లీషునూ ఇంటి భాషల మాటల్నీ కలిపేసుకున్నారు. పెద్దలకు అర్థం కాకుండా మాట్లాడుకోవడం ఒక సరదా. అంతకన్నా లోతైన అవసరం ఇంకొకటి ఉంది. కెన్యాలో మనిషి మాతృభాష తెలిస్తే ఏ తెగవాడో తెలిసిపోతుంది. షెంగ్‌లో మాట్లాడే కుర్రాడు ముందుగా నైరోబీవాడిగా వినిపిస్తాడు, తెగ తరవాత సంగతి. 2010 రాజ్యాంగం స్వాహిలీని జాతీయ భాషగా, స్వాహిలీ ఇంగ్లీషులను అధికార భాషలుగా చెప్పింది. షెంగ్ పేరు అందులో లేదు, వీధిలో మాత్రం అదే నడుస్తుంది.

దాన్ని 'కలగాపులగం' అని కొట్టిపారేసేవారు దాని వ్యాకరణం చూడాలి. 'బెష్టే' అంటే స్నేహితుడు. ఇంగ్లీషు 'బెస్ట్' నుంచి వచ్చింది. స్నేహితులు అనాలంటే 'మాబెష్టే'. ముందు చేరిన 'మా' స్వాహిలీ బహువచన ప్రత్యయం. మన కుర్రాళ్లు 'బ్రోలు' అన్నప్పుడు జరిగేదీ ఇదే: మాట ఎక్కడి నుంచి వచ్చినా బహువచనం మన 'లు'తోనే. 'స్టోరీ'ని తిరగేసి 'రిస్టో' అంటారు. మన పిల్లలు అక్షరం ముందల్లా 'క' చేర్చి 'నువ్వు రా' అనడానికి 'కనుకవ్వు కరా' అనుకునే క-భాష గుర్తుందా? అక్షరాలతో ఆడి మాటను దాచడం అక్కడా ఇక్కడా ఉన్నదే.

మాండలికం ఏదో తెలియాలంటే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులోని సంగం రేడియో వినండి. 2008 అక్టోబరులో మొదలైన ఆ కేంద్రాన్ని దళిత మహిళలు నడుపుతున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి వాళ్లు చెప్పేది ఆ నేల తెలుగులోనే. అమ్మమ్మ మాటా మనవరాలి మాటా అక్కడ ఒకటే తీగ. దానికి మాండలికం అన్నది తగిన పేరు. మీ సీనియర్ చెప్పిన నిబంధన మన దేశపు కమ్యూనిటీ రేడియో విధానంలో నిజంగానే ఉంది: కార్యక్రమాలు వీలైనంతవరకు స్థానిక భాషలో, మాండలికాల్లో ఉండాలి. కనీసం సగం వరకు స్థానికుల భాగస్వామ్యంతో తయారుకావాలి. అది మంచి నిబంధన. అయితే అది మీ కేంద్రం ఎవరి గొంతు వినిపించాలో చెబుతుంది, షెంగ్‌ను ఏ పేరుతో పిలవాలో చెప్పదు.

మరి ఏమనాలి? 'యువత పలుకుబడి' అందామంటే, పలుకుబడికి ఇప్పుడు జనంలో 'ప్రాబల్యం' అన్న అర్థమే గట్టిగా ఉంది. రేడియోలో వినేవాళ్లు పొరబడతారు. 'యువభాష' వినడానికి బాగుంది కానీ, నైరోబీలో షెంగ్‌తో పెరిగినవాళ్లు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు, వాళ్ల పిల్లలు ఇంట్లోనే దాన్ని నేర్చుకుంటున్నారు. అందుకని వర్గం పేరు తగిలించకుండా 'నైరోబీ కుర్రకారు మాటల్లో పుట్టిన షెంగ్' అనండి. విషయం అంతా అందులో వచ్చేస్తుంది.

ఇక మీ మాటల సంగతి. 'లైట్ తీస్కో'లో 'లైట్' ఒక్కటే పరాయిది. 'తీస్కో'లో ఉన్న 'కొను' మన సహాయక్రియ, ఆ పని ఎవరి మనసుకు సంబంధించిందో అదే చెబుతోంది. 'ఇరగదీశాడు', 'కుమ్మేశాడు', 'చంపేశావు' చూడండి. దెబ్బల మాటల్ని మెప్పుగా మార్చేశారు కుర్రాళ్లు, క్రియారూపాలు మాత్రం అచ్చ తెలుగువి. ఇలాంటివి సంభాషణలో సహజంగా వస్తే ఉండనివ్వండి, కత్తిరించకండి. పరీక్ష తేదీ, టీకా శిబిరం, వర్షం హెచ్చరిక చెప్పేటప్పుడు వద్దు. క్యాంటీన్లో అర్థం కాకపోతే పక్కవాణ్ని అడగొచ్చు, రేడియోను అడగలేం.

కులాన్నో, వైకల్యాన్నో, ఆడవాళ్లనో కించపరిచే మాట ఏదైనా సరే, అది ఎంత వాడుకలో ఉన్నా తీసేయాల్సిందే. ఇక్కడ నాకు రెండో ఆలోచన లేదు. గుంపులో నవ్వు తెప్పించిన మాట, ఎవరి గురించో వాళ్లు కూడా వింటున్నప్పుడు అవమానమవుతుంది.

నైరోబీ కిబేరా పేటలో 2007లో మొదలైన కమ్యూనిటీ రేడియో పేరు 'పమోజా', అంటే స్వాహిలీలో 'కలిసి'. ఆ ఏడాది చివర ఎన్నికల తరవాత తెగల మధ్య హింస చెలరేగినప్పుడు ఆ కేంద్రం శాంతంగా ఉండమని జనాన్ని వేడుకుంది. మీ భాగంలో ఇది కూడా చేర్చండి. షెంగ్ మాటల పట్టిక చదివి ఊరుకోకండి. నైరోబీ వాళ్ల గొంతు దొరికితే ముందు అదే వినిపించి, అర్థం తరవాత చెప్పండి.