ఒంటరిగా రాసిన యాప్‌ను ఎటు మళ్లించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నిరుడు బీటెక్ పూర్తి చేశాను. ఎనిమిది నెలలుగా ట్యూషన్ సెంటర్ల కోసం ఒక్కడినే ఒక యాప్ తయారు చేస్తున్నాను. హాజరు, మార్కులు, హోంవర్క్, ఫీజుల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. 14 సెంటర్లకు ఉచితంగా ఇస్తే ముగ్గురే వాడుతున్నారు, వారు కూడా ఫీజుల భాగం తప్ప మరేదీ తెరవడం లేదు. దీన్ని వదిలి, ఏఐతో రెజ్యూమే రాసిపెట్టే యాప్ మొదలుపెట్టమని మిత్రులు అంటున్నారు. నాన్నగారు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు నిరాశతో రాసిన వాక్యమే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది. ఎవరూ బలవంతపెట్టకుండానే ముగ్గురు యజమానులు ఫీజుల భాగం తెరుస్తున్నారంటే, మీరు చేసిన నాలుగు పనుల్లో ఒకటి వారికి నిజంగా అవసరమైందన్నమాట. బాస్కెట్‌బాల్‌లో ఒక పాదాన్ని నేల మీద నిలిపి, రెండో పాదంతో తిరగడాన్ని పివట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో దిశ మార్చడానికీ అదే మాట వాడుతున్నారు. మీకు ఆ నిలిచిన పాదం ఫీజుల భాగం. రెజ్యూమే యాప్‌కు వెళ్తే ఆ పాదం కూడా ఎత్తేసినట్టే. పైగా ఉద్యోగం దొరికిన మర్నాడు ఆ యాప్‌తో ఎవరికీ పని ఉండదు, కాబట్టి నెలనెలా కొత్తవారిని వెతుక్కోవలసి వస్తుంది. ఆ దారి మీకు తగినదని నేను అనుకోవడం లేదు.

ఇన్‌స్టాగ్రామ్ పుట్టుక మీకు బాగా పనికివచ్చే ఉదాహరణ. అమెరికాలో కెవిన్ సిస్ట్రమ్ ఉద్యోగం చేస్తూనే, రాత్రివేళల్లో, వారాంతాల్లో ‘బర్బన్’ అనే యాప్‌ను మొదట ఒక్కరే రాశారు. ఎక్కడున్నామో చెప్పడం, స్నేహితులతో కార్యక్రమాలు అనుకోవడం, పాయింట్లు సంపాదించడం, ఫొటోలు పెట్టడం, ఇలా అందులో చాలా ఉండేవి. మైక్ క్రీగర్ తోడయ్యాక ఇద్దరూ వాడకాన్ని గమనిస్తే, జనం ఇష్టంగా చేస్తున్నది ఫొటోలు పెట్టడమేనని తేలింది. ఫొటో, వ్యాఖ్య, లైక్ మాత్రం ఉంచి మిగతావన్నీ తీసేసి, 2010 అక్టోబర్ 6న కొత్త పేరుతో విడుదల చేశారు. అయితే అప్పటికే వారి చేతిలో పెట్టుబడిదారులు ఇచ్చిన 5 లక్షల డాలర్లు ఉన్నాయన్న సంగతి మరవకూడదు. మీకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, మీ ప్రయత్నం ఇంకా చిన్నదిగా, ఇంకా త్వరగా తేలిపోయేదిగా ఉండాలి.

కొత్త కోడ్ రాయకముందే, వచ్చే నెల మొదటి వారంలో ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్లి, వారు ఫీజులు వసూలు చేసే వేళ పక్కన కూర్చుని చూడండి. యాప్ ఎలా ఉందని మాత్రం అడగవద్దు. ఎదురుగా ఉన్న కుర్రవాడిని నొప్పించడం ఇష్టంలేక ‘బాగుంది బాబూ’ అనే అంటారు. పోయిన నెల బకాయిలు ఎలా వసూలయ్యాయో, ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో అడగండి. నా ఊహ ఏమిటంటే, వారి ఇబ్బంది లెక్క రాసుకోవడంలో లేదు, తెలిసిన ఇంటివారిని డబ్బు అడగడానికి ఉండే మొహమాటంలో ఉంది. అదే నిజమైతే మీరు తయారు చేయవలసింది లెక్కల పుస్తకం కాదు, వారి తరఫున మర్యాదగా గుర్తుచేసే సాధనం. మానేసిన 11 మందిలో ఇద్దరు ముగ్గురిని కలిసి ఎందుకు మానేశారో కూడా తెలుసుకోండి.

ఆ సాధనం మొదట చాలా సాదాగా ఉండవచ్చు. వ్యాపార ఎస్‌ఎంఎస్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో పంపేవారి పేరునూ, సందేశ నమూనానూ నమోదు చేయించాలి. వాట్సాప్‌లో అధికారిక మార్గానికి ఖర్చుంటుంది, అనధికారికంగా గుంపుగా పంపిస్తే నంబరు మూతపడే ప్రమాదం ఉంది. అందుకని బటన్ నొక్కగానే సందేశం రాసి ఉన్న వాట్సాప్ తెరుచుకునేలా చేయండి, పంపడం యజమానే చేస్తారు. హాజరు, మార్కులు తీసేస్తే ఇంకో మేలు కూడా ఉంది: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది, అనవసరమైన పిల్లల వివరాలు మీ దగ్గర ఎంత తక్కువుంటే అంత మంచిది. తీసేసే ముందు ప్రతి సెంటర్‌కూ చెప్పి, వారి వివరాలను ఎక్సెల్ ఫైలుగా ఇవ్వడం మీ బాధ్యత. పాత కోడ్‌ను, కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌లో గుర్తు పెట్టి ఉంచుకోండి, మొత్తం తిరగరాసే పని పెట్టుకోవద్దు.

నాన్నగారి మాటను పక్కన పెట్టవద్దు. ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలు చాలావరకు ఉత్తీర్ణులైన సంవత్సరం చూస్తాయి కనుక ఆలస్యానికి నిజంగానే మూల్యం ఉంది. దరఖాస్తులు ఈ వారం నుంచే పంపండి. ఎనిమిది నెలల్లో ఏం కట్టారో, వాడుకరులను చూసి ఏం తీసేశారో ఇంటర్వ్యూలో వివరంగా చెప్పగలిగితే అది ఖాళీ కాలంగా మిగిలిపోదు. ఉద్యోగం వస్తే చేరండి, ఒప్పందంపై సంతకం చేసేముందు మాత్రం సొంత ప్రాజెక్టుల గురించిన షరతును చదవండి.

యాప్‌కు రెండు ఫీజుల నెలలు గడువు పెట్టుకోండి. నెలకు 300 రూపాయలు ఇవ్వమని ఆ ముగ్గురినీ అడగండి. ఇద్దరైనా ఇస్తే సాయంత్రాలు దానికి కేటాయించండి, ఎవరూ ఇవ్వకపోతే ఆపేయండి. ఆ మొత్తాన్నీ, గడువు తేదీనీ కాగితం మీద రాసి, పని మొదలుపెట్టకముందే నాన్నగారికి చూపించండి.