పాపని కచేరీ కోసం బరంపురం నుంచి వైజాగ్ దాకా తీసుకెళ్లాలా?

ఏడో తరగతి పాప రెండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోందని, వైజాగ్‌లో యూనివర్సిటీ సంగీత విద్యార్థుల బృందగానం, ఆ తర్వాత బయటి నుంచి వచ్చే విద్వాంసుల కచేరీ ఉన్నాయని, దానికోసం అంత దూరం వెళ్లాలా అని అడిగారు కదండీ. తప్పకుండా తీసుకెళ్లండి. మాదీ బరంపురమే, మా అమ్మాయిదీ వయొలినే.

కాకపోతే పెద్ద విద్వాంసుల టైము చూసుకుని వెళ్లొద్దు, పిల్లలు పాడే టైముకే వెళ్లండి. మొదటిసారి నేను ఆ పొరపాటే చేశాను. రైలు దిగి తీరిగ్గా టిఫిన్ చేసి వెళ్లేసరికి బృందగానం అయిపోయింది, మా అమ్మాయి ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

రెండోసారి ముందే వెళ్లి, వయొలిన్ వాళ్లకి దగ్గరగా మొదటి వరసలో కూర్చున్నాం. ఒకమ్మాయి వయొలిన్‌కి తీగ బిగించే బిరడా జారిపోతోంది, ఎన్నిసార్లు తిప్పినా పంచమం తీగ శ్రుతిలో నిలవట్లేదు, ఆ పిల్ల కళ్లలో నీళ్లు. సాయంత్రం కచేరీ చేయాల్సిన పెద్దాయనే లేచొచ్చి, "లోపలికి నొక్కుతూ తిప్పాలమ్మా" అని చేత్తో చూపించి, శ్రుతి కలిసేదాకా అక్కడే నిలబడ్డారు. మా అమ్మాయి ఇప్పటికీ అలాగే తిప్పుతుంది.

బృందంగా త్యాగరాజస్వామి ఐదు పెద్ద కీర్తనలు, అదే ఘనరాగ పంచరత్నాలు, పాడితే మీ పాపకి పండగే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదు రాగాలైనా ఐదూ ఆది తాళమే, చరణాల్లో ముందు స్వరం పాడి అదే వరసకి సాహిత్యం పాడతారు కాబట్టి తాళం వేస్తూ వెంట వెళ్లిపోవచ్చు. మా అమ్మాయిది ఒరియా మీడియం, నోట్‌బుక్‌లో కీర్తనలన్నీ ఒరియా అక్షరాల్లోనే రాసుకుంటుంది, వాటి అర్థం ఎప్పుడూ అడిగేది కాదు. ఆరభిలో అంతమంది ఒక్కసారిగా 'మనసా' అనేసరికి, "నాన్నా, మన తెలుగు మాటే!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వైజాగ్ కుదరకపోతే దారిలోనే విజయనగరం ఉంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. ఆ గడప ఒకసారి తొక్కించండి.

తిరుగు టికెట్టు మాత్రం ఆ రాత్రికి పెట్టుకోకండి, తని (మృదంగం వాళ్లు విడిగా వాయించే ఘట్టం) మధ్యలో లేచి స్టేషన్‌కి పరుగెత్తాల్సొస్తుంది. మర్నాడు పొద్దున్న రైలుకి తీసుకోండి.